విరిచి చూడని తుపాకీ

నాచారం,
5 జులై 1993, సోమవారం.

గౌరవనీయులైన అన్నయ్యగారికి అనంతలక్ష్మి నమస్కరించి రాయునది.

ఈ ఉత్తరం ఇవాళే ఎందుకు రాస్తున్నానంటే, పొద్దున ఇడ్లీ తింటూ ఉమ, "అమ్మమ్మా, తాత నాకు తుపాకీ నేర్పిస్తున్నడు" అని, చట్నీ ఇంకాస్త వెయ్యమన్నంత తేలిగ్గా చెప్పింది. నేను గరిటె కింద పెట్టి ఏ తుపాకీ అని అడిగాను. "ఎయిర్ రైఫిల్. ఆదివారం ఆదివారం క్లబ్బుల. తాతనే ఆడ రేంజి ఆఫీసర్ తెలుసా" అంది. నాకు తెలియదు. మీరు రైల్వేలో సిగ్నల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారని తెలుసు, రోజూ రెండు పేపర్లు చదువుతారని తెలుసు. కాగితాలను కాల్చడం కూడా మొదలుపెట్టారని ఎవరూ చెప్పలేదు.

ఉప్పల్‌కీ నాచారానికీ మధ్య ఉన్నది షేర్ ఆటో దూరమే. వచ్చి అడగొచ్చు. కానీ ఎదురుగా కూర్చుంటే మీరు నవ్వి, వదినగారి చేత పకోడీలు వేయించి, అసలు సంగతిని వాటి కింద దాచేస్తారు. ఫోనులో అంటే "నేనట్ల అనలే" అంటారు. కాగితం మీద ఆ సౌకర్యం ఉండదు. అందుకే రాస్తున్నాను.

మీ అబ్బాయి దామోదర్‌కు బిలాస్‌పూర్ బదిలీ అయినప్పుడు మా సత్యవేణి పిల్లను ఇంటర్ చదివించమని నా దగ్గర వదిలి వెళ్ళింది. ఫిజిక్సు, లెక్కలు, వేళకు భోజనం, వేళకు నిద్ర. నాకు అప్పగించినవి ఇవి. తుపాకీ ఆ జాబితాలో లేదు. శని, ఆదివారాలు తాతగారింటికి పంపమని మీరు అడిగితే, వదినగారి మీద గౌరవంతో సరేనన్నాను. ఆ గౌరవాన్ని మీరు ఎక్కడికి తీసుకెళ్ళారో ఇప్పుడు తెలిసింది.

మీ ప్రాంతంలో వేట కథలు చెప్పుకోవడం పెద్దమనుషుల వేడుక. మా సత్యవేణి పెళ్ళిచూపుల కాలం నుంచీ అలాంటి కథలు వింటున్నాను. వాటిలో పులి ఎప్పుడూ మనిషికన్నా తెలివైనదిగానే కనబడింది. నా మనవరాలికి ఆ విద్య అక్కర్లేదు.

అది అక్కడ ఏం చేస్తోంది, దాని చేతికి ఏమిస్తున్నారు, పక్కన ఎవరుంటారు, ఎవరికైనా దెబ్బ తగిలితే ఎవరు జవాబుదారు? వీటికి విడివిడిగా జవాబు రాయండి. ఉత్తరం ఉమ చేతికే ఇచ్చి పంపుతున్నాను. అంటించి ఇచ్చాను. అంటించే తిరిగి పంపండి.

అనంతలక్ష్మి

---

ఉప్పల్,
11 జులై 1993.

చెల్లెమ్మా,

మీ ఉత్తరం అందింది. టీచరమ్మగారి ఎర్రసిరా కనబడలేదు గాని, మార్కులు వేసి ఫెయిల్ చేసినట్టే ఉంది.

వేటా లేదు, పులీ లేదు. బోడుప్పల్ దారిలో ఒక రేకుల షెడ్డు, దాని వెనక మట్టికట్ట, మట్టికట్ట ముందు అట్టముక్కల మీద నల్లచుక్కలు. మేం చంపేది ఆ చుక్కలనే. వాటి తరఫున మీరు కేసు పెడతానంటే పెట్టండి.

ఉమ ఇంకా ఒక్క గుండు కూడా కాల్చలేదు. వచ్చినప్పటి నుంచి ఒకటే పాఠం. మా రైఫిలు గొట్టం మొదట్లో మడత పడుతుంది. దాన్ని మేం విరవడం అంటాం. విరిస్తే లోపల గుండు ఉందో లేదో కంటికి కనబడుతుంది. విరిచి ఉన్న తుపాకీ పేలదు. చేతులు మారేటప్పుడు విరిచే ఇవ్వాలి. తీసుకున్నవాళ్ళు తమ కళ్ళతో మళ్ళీ చూసుకోవాలి. మూతి ఎప్పుడూ కట్టవైపే ఉండాలి. నేను సీటీ ఊదితే అందరూ విరిచి కింద పెట్టి వెనక్కి జరగాలి. ఆ సీటీ నా మెడలోనే ఉంటుంది. నా మాట దాటి అక్కడ చీమ కూడా కదలదు. నలభై ఏళ్ళు రైళ్ళు గుద్దుకోకుండా చూసినవాణ్ణి, సీసపు గుళ్ళను చూసుకోలేనా?

పక్కన నేనుంటాను. జవాబుదారు నేనే. ఇంతకన్నా విడివిడిగా రాయడం నాకు రాదు.

మీ వదినగారు మీ ఉత్తరం చదివించుకుని విని, "వదిన అడిగిన దాంట్ల తప్పేమున్నది? పిల్లకు గాదు, ముందుగాల తాతకే బుద్ధి నేర్పాలె" అన్నది. ఆడవాళ్ళు ఒకవైపు చేరితే సిగ్నల్ ఇవ్వడం కష్టం.

ఒకసారి వచ్చి చూడండి. కుర్చీ వేయిస్తాను.

మీ అన్న,
జనార్ధనరావు

---

నాచారం,
16 ఆగస్టు 1993.

అన్నయ్యగారికి,

నిన్న జెండా పండుగ ముగిశాక మీ క్లబ్బు చూశాను. కుర్చీ వేయించారు. ఒక కాలు పొట్టిది. మీ రేంజిలో గురి కుదరకపోవడానికి కారణాలు చాలా ఉంటాయని దాంతోనే అర్థమైంది.

మీ సభ్యుల గురించి ముందు రాస్తాను. కాంట్రాక్టరు చిదంబరంగారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, తొడల దాకా జేబులున్న ప్యాంటు వేసుకుని వచ్చారు. అట్టముక్క అంత క్రూరమృగమని నాకు తెలియదు. కాల్చిన ప్రతిసారీ గాలి మీద, ఎండ మీద, తుపాకీ తయారుచేసిన కంపెనీ మీద నింద వేశారు. బ్యాంకు ఉద్యోగి ఒకాయన అడవిపంది కథ చెబుతూ తన వంతు మరిచిపోయాడు. ముప్పయ్యేళ్ళు ఆడపిల్లలకు పాఠాలు చెప్పాను గాని ఇంత అల్లరి తరగతిని చూడలేదు.

ఇక ఉమ. చిదంబరంగారు తన రైఫిలు దాని చేతికివ్వబోయారు. మూసి ఉంది. ఉమ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"అంకుల్, విరిచియ్యండి."

"అరే, నేను సూసిన లేమ్మా. ఖాళీనే ఉన్నది, తీస్కో."

"మీరు సూసిన్రు అంకుల్. నేను సూడలే."

ఆయన చుట్టూ చూసి, నవ్వి, విరిచి ఇచ్చారు. అది తీసుకుని లోపలికి చూసి, అప్పుడు "థాంక్స్ అంకుల్" అంది. చప్పట్లు కొట్టడానికి నేను కుర్చీలోంచి లేచేదాన్నే. ఒకరు చూశామంటే రెండోవారు నమ్మకుండా, మళ్ళీ చూడడం. ప్రయోగశాలలో నేను ఎంత మొత్తుకున్నా పిల్లలకు పట్టుబడనిది అదే. నా మనవరాలికి అది రేకుల షెడ్డులో పట్టుబడింది. ఇంట్లో కూడా మార్పు కనబడుతోంది. గ్యాసు కట్టేశానని నేను చెప్పినా లేచి వెళ్ళి మీట చూసి వస్తోంది. మొదట కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, కోపం రావలసిన విషయం కాదనిపించింది.

కాబట్టి అనుమతిస్తున్నాను. షరతు ఒకటే. త్రైమాసిక పరీక్షలో లెక్కల మార్కులు తగ్గకూడదు.

ఒక మాట. నిన్న మీరు కథ చెబుతూ రైఫిలు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. అది మూసే ఉంది. మూతి బ్యాంకాయన చెప్పుల వైపు ఉంది. సీటీ మీ మెడలో ఉంది కాబట్టి ఎవరూ అడగలేదు. నేను అతిథిని కాబట్టి అడగలేదు. మళ్ళీ వస్తే అతిథిగా రాను.

అనంతలక్ష్మి

---

ఉప్పల్,
26 సెప్టెంబరు 1993.

చెల్లెమ్మా,

నా మోకాళ్ళ మీది రైఫిలు ఖాళీది. నాకు తెలుసు. తెలిసినవాడు పసివాళ్ళలా మాటిమాటికీ చూసుకోనక్కర్లేదు. ఈ సంగతి ఇంతటితో వదిలేద్దాం.

మంచి కబురు. డిసెంబరు మొదటివారంలో రాష్ట్రస్థాయి ఎంపికలు. మా క్లబ్బు తరఫున జూనియర్లలో ఒకే పేరు పంపాలి. కార్యదర్శి మురళీధర్ ఈ నెలన్నరలో అందరూ కాల్చిన అట్టలూ పక్కపక్కన పెట్టి చూసి, ఉమ పేరు రాశాడు. చిదంబరం తన కొడుకు పేరు వస్తుందనుకున్నాడు. మొహం చూడాల్సింది. అక్కడ నెగ్గితే పిల్ల రాష్ట్రం తరఫున ఢిల్లీ వెళ్తుంది. దామోదర్‌కు ఫోను చేసి చెప్పాను. సత్యవేణి ఏడ్చిందట.

దసరాకు మీరూ రండి. మహర్నవమినాడు నా రైఫిలు కూడా పూజలో పెడతాను. మా నాన్న కత్తులు పెట్టేవాడు. కత్తులు పోయాయి, పూజ మిగిలింది.

జనార్ధనరావు

---

ఉప్పల్,
25 అక్టోబరు 1993.

చెల్లెమ్మ అనంతలక్ష్మి గారికి,

పండుగపూట మీరు రాకపోవడమే మంచిదయింది. జలుబు తగ్గిందని తలుస్తాను.

నిన్న సాయంత్రం జమ్మి చెట్టు దగ్గర నుంచి వచ్చాక చిన్న ప్రమాదం జరిగింది. పూజలో ఉన్న రైఫిలు ఉమ చేతిలో ఉండగా పేలింది. అదే సమయానికి పక్కింటి సంజీవరావు భార్య విక్టోరియా జమ్మి ఆకు ఇవ్వడానికి మెట్లెక్కుతున్నది. గుండు గుమ్మం పరదాలోంచి వెళ్ళి ఆమె చేతికి, భుజం కింద తగిలింది. దవాఖానాకు తీసుకువెళ్ళాం. గుండు తీశారు, కుట్లు వేశారు. ఆమె స్వయంగా నర్సు, ధైర్యం గల మనిషి. భగవంతుడి దయవల్ల గండం గడిచింది.

క్లబ్బుకు తెలియకుండా ఉండదు కాబట్టి నేనే మురళీధర్‌కు చెప్పాను. నియమం ప్రకారం ఏడాదిపాటు పిల్ల పేరు తీసేయాలన్నాడు. చిన్నపిల్ల కదా, మందలించి వదిలేస్తాడనుకున్నాను. వినలేదు. డిసెంబరు ఎంపికలకు పంపడం కుదరదన్నాడు.

పిల్లను కోప్పడకండి. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. వచ్చే ఏడాది ఉంది.

జనార్ధనరావు

---

నాచారం,
30 అక్టోబరు 1993.

అన్నయ్యగారికి,

ఈ ఉత్తరం ఉమ చేత పంపడం లేదు. పోస్టులో వేస్తున్నాను. అది మీ ఇంటికి రానంటోంది.

మీ ఉత్తరం చదివిన రోజు మీరు చెప్పింది చెప్పినట్టు నమ్మాను. పిల్లను కూర్చోబెట్టి కోప్పడ్డాను కూడా. నా తరగతిలో ఎవరినీ అనని మాటలన్నాను. తలవంచుకుని వింది. "నువ్వేనా?" అంటే, "క్లబ్బుల అందరికీ తెలుసు కద, అమ్మమ్మా" అంది. అది జవాబు కాదు. కానీ ఆ రోజు నా కోపం దాన్ని జవాబనుకుంది.

మర్నాడు విక్టోరియాగారిని చూడడానికి వెళ్ళాను. నా కుటుంబంవల్ల ఆమె ఒంట్లోంచి సీసం తీయాల్సి వచ్చింది. తల ఎత్తుకుని ఆ గడప దాటలేకపోయాను. ఆమె నన్ను మంచం మీద కూర్చోబెట్టి తనే టీ పెట్టించింది.

"పెద్దమ్మా, నేను గుమ్మంకాడ కూలబడ్డ. పరదా జరిపి సూస్తే పిల్ల చేతుల్నే ఉన్నది తుపాకి. కానీ ఒక్క మాట జెప్త. అది అప్పటికే రెండుగ విరిచి ఉన్నది. లోపలికి సూస్తున్నది. తెల్లగ పాలిపోయింది, అయినా సూస్తున్నది. సూసి, కింద పెట్టి, అప్పుడు నా దగ్గరికి ఉరికొచ్చి చేతికి గుడ్డ కట్టింది. మా వార్డుల కొత్త నర్సులు కూడా గట్ల చెయ్యరు."

ఆటోలో వస్తూ అదే ఆలోచించాను. రామంతాపూర్ మలుపు దాటిపోయినా నాకు తెలియలేదు. చెవుల్లో మోత ఆగకముందే తుపాకీ విరిచి చూసిన పిల్ల, ఇంట్లో గ్యాసు మీట కూడా నా మాట మీద నమ్మని పిల్ల, చేతిలోకి తీసుకున్నప్పుడు విరిచి చూడలేదా? అలవాటు ఒక నిమిషం పోయి మరు నిమిషం తిరిగివస్తుందా?

మీ ఉత్తరంలో "ఉమ చేతిలో ఉండగా పేలింది" అని ఉంది. తుపాకీ దానికదే పేలినట్టు. ట్రిగ్గరు ఎవరు లాగారో ఎక్కడా లేదు. సిగ్నల్ ఇన్‌స్పెక్టరు ప్రమాద నివేదిక ఇలా రాస్తే పైవాళ్ళు ఊరుకునేవారా?

ఒకటే అడుగుతున్నాను. పూజలోంచి తీసినప్పుడు ఆ తుపాకీని విరిచి చూశారా, లేదా?

అనంతలక్ష్మి

---

ఉప్పల్,
2 నవంబరు 1993.

చెల్లెమ్మా,

మీరు హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నది స్కూల్లో. రిటైరయి చాలాకాలమైంది. వియ్యంకుడి ఇంటి మీద విచారణ జరపడం మీకు తగదు.

విరిచి చూడలేదు. ఎవరూ చూడరు. పసుపూ కుంకుమా పెట్టి పూజలో ఉంచిన ఆయుధాన్ని దసరానాడు నడుము విరవడం అపచారం. కత్తయితే ఒరలోంచి దూయరు, బండయితే ఇంజను విప్పరు. మా ఇంట్లో తరతరాలుగా ఉన్న పద్ధతి ఇది. మీవైపు ఉందో లేదో నాకు తెలియదు. ఆ మాటే పిల్లకూ చెప్పాను.

గాయపడ్డావిడే క్షమించింది. మీకెందుకు ఇంత పంతం? పిల్లకు చదువు చెప్పండి.

జనార్ధనరావు

---

నాచారం,
6 నవంబరు 1993.

అన్నయ్యగారికి,

"ఆ మాటే పిల్లకూ చెప్పాను" అని రాశారు. పిల్ల అడిగితేనే కదా మీరు చెప్పేది. విరిచి చూస్తానని అడిగిన పిల్ల, మీరు వద్దన్నాక తనే తీసి పేల్చిందా? మీ కోపమే మీ ఉత్తరంలో సగం నిజం రాసేసింది. మిగతా సగం కోసం నిన్న, మీరు బజారుకు వెళ్ళే వేళ చూసుకుని, మీ ఇంటికి వచ్చాను.

తారామణి వదినగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. నన్ను చూడగానే, "వదినా, నన్నేం అడగకు" అన్నారు.

"అడగను. నేనూ కాసిని తీస్తాను, చేట ఇటు జరపండి" అన్నాను.

చేటలో సగం కాయలకు ఈనెలు తీశాం. తర్వాత ఆవిడే మొదలుపెట్టారు.

"నవమినాడు పొద్దున ఈయన దొడ్లె గురి చూస్కుంట ఉండె. ఇంకో గుండు పెట్టిండు. గప్పుడే నేను పిల్చిన, పూజకు టైమైతుందని. నాదే పాపం, నేను పిల్వకపోతే కాల్చేసి వస్తుండె. గట్లనే పట్టుకొచ్చి పీట మీద పెట్టిండు. గుండు లోపల్నే ఉన్నది, మర్చిపోయిండు. తెల్లారి పిల్ల అడిగింది, 'తాతా, ఒక్కసారి విరిచి సూస్త' అని. ఒక్కపారి కాదు, మల్ల గూడ అడిగింది. 'పూజల ఉన్నదాన్ని ముట్టొద్దు, కండ్లు పోతయ్' అన్నడు. సాయంత్రం జమ్మి ఇయ్యనీకి జనం వస్తుంటే, సంజీవరావు గొంతు వినబడ్డది. వాళ్ళకు సూపియ్యాలని తనే తీసిండు. పెండ్లికొడుకు కత్తి పట్టుకున్నట్టు భుజం మీద పెట్టిండు, దించిండు, వేలు ఆడిచ్చిండు. ఢామ్మన్నది."

"తర్వాత?"

"విక్టోరియా కెవ్వుమన్నది. ఈయన 'పట్టు, పట్టు' అని తుపాకి పిల్ల చేతుల పెట్టిండు. అది తీస్కొని విరిచి సూసింది, తాతనే నేర్పిండు గద. అందరు లోపలికొచ్చి సూసేటాల్లకు దాని చేతుల్నే ఉండె. 'పిల్ల... పిల్ల...' అన్నడు ఈయన. అది తాత మొహం సూసింది. ఏమనలే. నేను గూడ ఏమనలే, వదినా. పెనిమిటి కద."

ఆవిడ ఏడ్చారు. నేను ఏడవలేదు. ఇంటికి వచ్చి ఉమను అడిగాను. "నానమ్మ చెప్పిందా?" అంది. పక్కగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

అది మీరు నేర్పినట్టు చేసింది. చేసినందుకే పట్టుబడింది. విరిచి చూడకుండా కింద పడేసి పారిపోయి ఉంటే ఇవాళ దాని పేరు జాబితాలో ఉండేది. ఇది మీకు ఎలా కనబడుతోందో నాకు రాయండి. పద్ధతి గురించి రాయకండి. తరతరాల గురించి రాయకండి.

అనంతలక్ష్మి

---

ఉప్పల్,
9 నవంబరు 1993.

చెల్లెమ్మా,

నా చేతిలోనే పేలింది. సరేనా?

మొదట రాసిన ఉత్తరం చింపేసి మళ్ళీ రాస్తున్నాను. తారామణితో మాట్లాడడం మానేశాను. ఆమెను ఇందులోకి లాగినందుకు మిమ్మల్ని తప్పుపడుతున్నాను.

కావాలని చేయలేదు. ఆమె అరిచిన అరుపుకు నా ఒళ్ళు నాది కాకుండా పోయింది. నోటికి "పిల్ల" అనే మాటే వచ్చింది. పక్కకు జరుగు అనబోయానేమో, నాకే తెలియదు. అందరూ పిల్ల వైపు చూశారు. ఆ తర్వాత కాదు, నేనే అని చెప్పలేదు. ఆ రాత్రి ఉమ నా దగ్గరికి వచ్చి, "తాతా, ఫికర్ చెయ్యకు. నేనే అని చెప్పుకుంటలే" అంది. నేను వద్దనలేదు. అంతే నేను చేసింది.

మీకు అర్థం కాదు. రిటైరయ్యాక నా మాట వినే చోటు అదొక్కటే. ఆదివారం పొద్దున సీటీ వేస్తే ఇంతమందీ ఒక్కసారి ఆగుతారు. విరిచి చూడండి అని అందరికీ చెప్పినవాడు తనే చూడలేదని తెలిస్తే, ఆ చిదంబరం నన్ను చూసి ఎలా నవ్వుతాడో మీరు ఊహించగలరు. మీకు ఎగతాళి చేయడం తెలుసు, పడడం తెలియదు.

పిల్లకు పదహారేళ్ళు. వచ్చే ఏడాదీ ఎంపికలుంటాయి, ఆ పై ఏడాదీ ఉంటాయి. నాకు ఎన్నేళ్ళున్నాయి? మురళీధర్‌తో విడిగా మాట్లాడి శిక్ష ఆరునెలలకు తగ్గించమంటాను. ఏప్రిల్ కల్లా మళ్ళీ తీసుకుంటారు. ఇంతటితో పోనివ్వండి. పెద్దవాణ్ణి, అడుగుతున్నాను.

జనార్ధనరావు

---

నాచారం,
11 నవంబరు 1993.

అన్నయ్యగారికి,

మీ బేరం చదివాను. చేయని తప్పుకు శిక్ష సగానికి తగ్గిస్తారట. మార్కెట్టులో వంకాయలకు కూడా ఇలాంటి బేరం ఎవరూ ఆడరు.

వచ్చే ఏడాది ఉందంటున్నారు. వచ్చే ఏడాది ఆ షెడ్డులోకి అడుగుపెట్టే పిల్ల ఎవరు? విక్టోరియాను కాల్చిన పిల్ల. అది తుపాకీ అడిగితే ఇచ్చేవాళ్ళు ఇంకొకరి వైపు చూస్తారు. చిదంబరంగారితో "విరిచియ్యండి" అంటే, "నువ్వా చెప్పేది?" అంటారు. అప్పుడది ఏమంటుంది? మీరు దాని దగ్గర తీసుకున్నది ఒక ఏడాది కాదు. ఆ ఒక్క మాట అనే హక్కు.

ఇంకొకటి మీకు తోచినట్టు లేదు. నిన్న దాన్ని, క్లబ్బుకు వెళ్ళకపోయినా ఇంట్లో నిలబడి ఊపిరి పట్టే అభ్యాసం చేసుకోమన్నాను. "ఎందుకు అమ్మమ్మా, తాత అంత తెలిసి గూడ సూడలే. సూసుడు గీసుడు అంతా ఉత్తదే" అంది. సాయంత్రం గ్యాసు కట్టేశానన్నాను. లేచి చూడలేదు. నా మాట నమ్మింది. అన్నయ్యగారూ, ఈ ఉత్తరం రాయడానికి నన్ను కూర్చోబెట్టింది పోటీ కాదు, అది. మీరు దానికి ఇచ్చిన మంచి వస్తువు చూసుకునే ఆ అలవాటొక్కటే, దాన్ని మీరే తిరిగి లాక్కున్నారు.

ఎగతాళి పడడం నాకు తెలియదన్నారు. మీరు పడబోతున్నారు కదా, చూసి నేర్చుకుంటాను. చిదంబరంగారు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆయన నవ్వు కాగితానికి తగలని ఆయన గుళ్ళలాంటిదే, ఎవరికీ ఏమీ కాదు. నవ్విన తర్వాత ఆయన తన తుపాకీ విరిచి చూసుకుంటారు. ఇన్నాళ్ళూ సీటీతో మీరు చేయించలేకపోయిన పని అది.

సంతకం ఇక్కడే పెడుతున్నాను. దీని కింద జరగవలసినవి మాత్రమే ఉంటాయి.

అనంతలక్ష్మి

1. దీపావళి మర్నాడు ఆదివారం. ఆ పొద్దున క్లబ్బులో, అందరూ వచ్చాక, అందరికీ వినబడేలా జరిగింది మీరే చెప్పాలి. మురళీధర్ చెవిలో కాదు. "పేలింది" అనకూడదు. "పేల్చాను" అనాలి.

2. ఉమ పేరు జాబితాలోకి తిరిగి రావాలి. జాబితా పైకి వెళ్ళిపోయిందని మురళీధర్ అంటే, ఆ కాగితం పట్టుకుని ఎంత దూరమైనా మీరే వెళ్ళాలి. పిల్లను వెంట తీసుకెళ్ళకూడదు.

3. సీటీ అదే రోజు ఇచ్చేయాలి. క్లబ్బు మళ్ళీ ఇస్తే తీసుకోండి. అడగకండి.

4. ఆ రైఫిలు మీ ఇంట్లో ఉండకూడదు. క్లబ్బు బీరువాలో ఉండాలి. వచ్చే దసరాకు పూజ చేయాలనుకుంటే విరిచి, లోపల చూసి, విరిచినట్టే పీట మీద పెట్టి కుంకుమ పెట్టండి. ఖాళీ తుపాకీ మీద అమ్మవారికి కోపం రాదు.

5. విక్టోరియాగారి ఇంటికి, సంజీవరావుగారు ఇంట్లో ఉన్న వేళ వెళ్ళండి. ఆవిడ ఇప్పటికే క్షమించింది, కానీ వేరే మనిషిని.

6. ఈ ఉత్తరం మడవక ముందే వదినగారితో మాట్లాడండి. ఆవిడ మిమ్మల్ని నాకు పట్టివ్వలేదు. ఉమను మనకు తిరిగి ఇచ్చింది.

7. ఇవన్నీ అయ్యాక నాకు జవాబు రాయకండి. ఉమకు రాయండి. క్షమించమని మాత్రం అడగవద్దు. తాత అడిగితే అది కాదనలేదు, మళ్ళీ మిమ్మల్ని కాపాడాల్సి వస్తుంది. నవమి పొద్దున నుంచి జరిగింది జరిగినట్టు రాయండి, అది అడిగిన రెండుసార్లూ వదలకుండా. అది చదివి ఏమనుకోవాలో, మీ దగ్గరికి ఎప్పుడు రావాలో, అసలు రావాలో వద్దో, అదే చూసుకుంటుంది.